పడిందా అన్న ప్రశ్నకు

నాలుగో ప్రశ్న దగ్గర అతని చెయ్యి ఆగలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే విడ్డూరంగా ఉంది. ఆగి ఉంటే, పెన్ను కాస్త తడబడి ఉంటే, పక్కనే కూర్చున్న అక్క తల తిప్పి ఏంట్రా అనేది, అప్పుడు ఏదో ఒకటి జరిగి ఉండేది. కానీ ఇంటి చిరునామా రాసినంత సులువుగా, "పరికరం ఎప్పుడైనా కింద పడిందా?" అన్న ప్రశ్న ఎదురుగా, రెండు గడుల్లో "లేదు" అన్న గడిలో టిక్కు పెట్టేశాడు. తోక పొడుగ్గా, ఠీవిగా, చూడముచ్చటగా వచ్చింది ఆ టిక్కు. "నువ్వే రాయరా, ఈ సంగతులన్నీ నీకే తెలుసు" అని ఫారం అతని చేతిలో పెట్టింది అక్క. కౌంటరు దగ్గర ఇంజనీరు దాన్ని పైనుంచి కిందికి చదివి, సరిగ్గా నాలుగో ప్రశ్న దగ్గర వేలు పెట్టి తలెత్తింది. ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు ఆ అమ్మాయికి. జుట్టు టోపీలోకి తోసేసుకుని, నీలం రంగు చేతి తొడుగులు జేబులో దోపుకుని ఉంది.

"పడలేదు కదా సార్? మళ్ళీ ఎందుకు అడుగుతున్నానంటే, పడిన హార్డుడిస్కయితే నేను కరెంటు ఇవ్వను. ముందు మూత తీసి లోపల చూస్తాను. పడినదానికి కరెంటు ఇచ్చామంటే, లోపల వంగిన హెడ్డు, సమాచారం ఉండే పళ్ళేన్ని గీక్కుంటూ తిరుగుతుంది. గీకిన చోట ఉన్నది ఇక ఎవరివల్లా కాదు."

"పడలేదమ్మా" అంది అక్క, అతను నోరు తెరిచేలోపే. "మావాడు చంటిపిల్లని చూసినట్టు చూస్తాడు డిస్కుల్ని. రెండు చేతులా పట్టుకుంటాడు."

"పడలేదండి" అన్నాడు అతను.

"సరే. మీది పదిహేడు. బోర్డు మీద పదిహేడు పడిందంటే మీది నా బల్ల మీదికి ఎక్కినట్టే. లోపలికి రావచ్చు, రాకపోయినా నేను మొదలుపెట్టేస్తాను. ముందు కరెంటు ఇచ్చి చప్పుడు వింటాను." డిస్కును దూది పరిచిన డబ్బాలో పెట్టి, అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బోర్డు మీద ఎర్రగా పద్నాలుగు వెలుగుతోంది. ఒక్కోదానికి పావుగంటో ఇరవై నిమిషాలో, మధ్యలో ఇంకా రెండున్నాయి, వెరసి ఒక గంట. గంటంటే చాలా టైము అనుకున్నాడు. గంటలో ఎన్ని మాటలు చెప్పచ్చు? చెప్పాల్సినది నాలుగే నాలుగు మాటలు. అవి ఇప్పుడే చెప్పెయ్యచ్చు, కానీ ఇప్పుడే కూర్చున్నారు, అక్క రెండంతస్తులు మెట్లెక్కి ఆయాసపడుతోంది, ముందు ఊపిరి తీసుకోనీ. కౌంటరు దగ్గర అంత గట్టిగా పడలేదండి అని, రెండు నిమిషాలకే పడిందండి అంటే ఆ అమ్మాయి ఏమనుకుంటుంది? కాస్త ఆగాలి. పదహారు పడగానే చెప్తాను, అని తనకు తానే గడువు పెట్టుకున్నాడు. పదహారు పడిన క్షణంలో లేచి, నేరుగా అద్దాల తలుపు దగ్గరికి నడిచి చెప్పేస్తాడు. గడువు పెట్టుకోగానే, ఏదో సగం పని అయిపోయినట్టు, సిగ్గులేని మనసు కాస్త కుదుటపడింది కూడా.

వరసగా ఆరు ఇనప కుర్చీలు, ఒకదానికొకటి అతికించి ఉన్నాయి. ఒకరు కాలు ఊపితే అందరూ ఊగుతారు. కింద కర్టెన్ల దుకాణం, అక్కడి కుట్టు మిషను చప్పుడు నేలలోంచి పాదాలకు తెలుస్తోంది. పక్కన ఫొటోగ్రాఫరు ఒకాయన మెడలో ఖాళీ కెమెరా సంచీతో, కాలేజీ పిల్ల ఒకతె గోళ్ళు కొరుక్కుంటూ, మూల కుర్చీలో హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని కునుకుతున్న మనిషి. ఇక్కడికి వచ్చేవాళ్ళందరి ముఖాలూ ఒకేలా ఉన్నాయి, లోపల మనిషిని పడుకోబెట్టి బయట కూర్చున్నట్టు. అక్క సంచీలోంచి డబ్బా తీసి, తొక్క ఒలిచిన నారింజ తొనలు అతని ముందుకు చాపింది. "తిను. రెండు రోజులై నీ మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. నా డిస్కు కోసం నిద్ర మానేశావని మీ ఆవిడ చెప్పింది." తొన నోట్లో పెట్టుకున్నాడు. నిజమే, రెండు రాత్రులు నిద్రపోలేదు. నిజం చెప్పినా అబద్ధంగా మారిపోయే స్థితికి వచ్చాడు.

అక్క ముప్పయ్యేళ్ళు చెవిటిపిల్లల బడిలో టీచరు. ఆ డిస్కులో ఉన్నది బడి పుస్తకాల్లో ఉన్న చేతి భాష కాదు, అదైతే ఎక్కడైనా దొరుకుతుంది. బడి మొహం చూడని పెద్దవాళ్ళు, పుట్టు చెవుడుతో తమ ఇళ్ళల్లో, తమ పనుల్లో, తమకు తామే కల్పించుకున్న సైగలు ఉన్నాయి అందులో. పద్నాలుగేళ్ళు ఆమె సెలవురోజు అన్నది ఎరగదు. పిల్లల వెంట వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, తాతల్నీ మేనత్తల్నీ వెలుతురులో కూర్చోబెట్టి, ఒక్కో సైగా రెండుసార్లు చేయించి, ఎదటినుంచి ఒకసారీ పక్కనుంచి ఒకసారీ తీసేది. మూడువేల నూట నలభై ముక్కలు. చెప్పులు కుట్టే ముసలాయన రేపు వాన వస్తుందని చెప్పడానికి మోకాలి చిప్పను రెండు వేళ్ళతో నిమిరి, ఆ వేళ్ళను చెవి వెనక్కి తీసుకుపోయేవాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఇద్దరూ చెవిటివాళ్ళే, "మొగుడు" అనడానికి ముక్కు మీద పిడికిలి పెట్టి మెలితిప్పేవాళ్ళు. అది చూసి బావ, "నా వల్ల కాదు, ఇది నిఘంటువు కాదు, నింద" అని పడీ పడీ నవ్వాడు. వాళ్ళల్లో పదకొండుమంది ఇప్పుడు లేరు. వాళ్ళ చేతులు ఆ డిస్కులోనే ఉన్నాయి. బడిలో కంప్యూటర్లు బాగుచెయ్యడానికి అతను నెలకోసారి వెళ్ళేవాడు, డబ్బు తీసుకోకుండా, దర్జాగా, స్క్రూడ్రైవర్లు చుట్టిన తోలు సంచీతో. ఆ పిల్లలు మనుషుల్ని పేర్లతో పిలవరు, ఒక్కొక్కరికీ ఒక సైగ పెడతారు, అదే పేరు. అతనికి పెట్టిన సైగ, కణత మీద మర తిప్పుతున్నట్టు వేలు తిప్పడం. మొదటిసారి చూసి తనకు మతి చెడిందంటున్నారేమో అనుకున్నాడు. "కాదురా, బుర్రతో మరలు తిప్పేవాడు అని" అని అక్క చెప్పాక, ఆ రోజంతా నేల మీద నడవలేదు.

అంత నమ్మారు. నమ్మకం అనేది ఎంత బరువైనదో, మొయ్యడం చేతకాక కింద పెట్టాకగానీ తెలియదు. కింద పెట్టాక, అంటూ మనసు మెల్లగా మాట మార్చబోయింది. అతను దాన్ని పట్టుకుని వెనక్కి లాగాడు. మొదట్నుంచీ చెప్పుకో, అన్నాడు తనతో.

మొదట్నుంచీ అంటే రెండు డిస్కులుండేవి. ఒకటి పోయినా ఒకటుంటుందని, రెంటిలోనూ అన్నీ ఉండాలని అతనే నియమం పెట్టాడు, అతనే ఉపన్యాసం ఇచ్చాడు. రెండో డిస్కు దాచిపెట్టమని అక్క అతనికే ఇచ్చింది. అతనప్పుడు పాత వీడియో ఆటల పెట్టె ఒకటి తయారుచేస్తున్నాడు. చెక్కపెట్టె తనే కోసి, రంగు వేసి, పాడైపోయిన లాప్‌టాపు తెర బిగించి, ఎర్రటి బొత్తాలు పెట్టి, ఎనిమిది నెలలు. దాని లోపల పెట్టడానికి డిస్కు కావలసివచ్చింది. ఒక్క వారమేగా అని అక్క రెండో డిస్కు చెరిపేసి అందులో పెట్టాడు. వారం కాస్తా అయిదు నెలలైంది. చివరికి మనసు పీకి, కొత్త డిస్కు కొని, అక్క దగ్గరున్న మొదటి డిస్కును పట్టుకురమ్మని బావకి చెప్పాడు. కొత్తదానిలోకి ఉన్నదున్నట్టు ఎక్కించేస్తే మళ్ళీ రెండవుతాయి, పాపం పోతుంది, ఎవరికీ చెప్పక్కర్లేదు. అంటే, ఈ కథలో అతను చేసిన ప్రతి పనీ ఎవరికీ చెప్పక్కర్లేకుండా ఉండటానికి చేసిందే.

ఆ ఆదివారం బావ డిస్కు తెచ్చి, అతని పని గదిలో స్టూలు మీద కూర్చుని, టీ తాగుతూ, "డాక్టరుగారూ, ఆపరేషన్ ఎంతసేపు? పేషెంటు తరఫు వాళ్ళం, సంతకాలేమైనా పెట్టాలా?" అన్నాడు. ఇంట్లో అందరూ అతన్ని డాక్టరనే అంటారు. భార్య మాత్రం ఆ గదిని మార్చురీ అంటుంది. ఊళ్ళోవాళ్ళ కంప్యూటరయితే ఆరు నిమిషాలు, మన మిక్సీ అయితే ఆరు నెలలు, అంటుంది. మామూలుగా అయితే అతను రెండు డిస్కుల మీదా రంగు టేపులు అంటిస్తాడు, పాతదానికి ఆకుపచ్చ, కొత్తదానికి పసుపు. వాటి నంబర్లలో చివరి నాలుగు అంకెలు పైకి చదివి, కాగితం మీద రాసుకుని, తెర మీద వాటితో సరిచూసుకుంటాడు. ఆ రోజు చూసేవాడున్నాడు. చూసేవాడి ముందు కాగితం మీద అంకెలు రాసుకోవడం, కొత్తగా వంట నేర్చుకున్నవాడు చెంచాలు లెక్కపెట్టుకున్నట్టుంటుంది. "ఇదేం బ్రహ్మవిద్యా బావా, మూడు నొక్కులు" అన్నాడు. రెండు డిస్కులూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి. "ఇందులోంచి" అన్న చోట ఒకటి నొక్కాడు, "ఇందులోకి" అన్న చోట ఒకటి నొక్కాడు. ఎర్రక్షరాలతో హెచ్చరిక వచ్చింది, రెండో డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా, అని. దాన్ని రేడియోలో వార్తలు చదివే గొంతుతో పైకి చదివి, బావ నవ్వుతుండగా, సరే నొక్కాడు.

బావ వెళ్ళాక, ఎక్కడం మొదలైన తొమ్మిదో నిమిషంలో చూశాడు. ఖాళీ డిస్కును నిండు డిస్కు మీదికి ఎక్కిస్తున్నాడు. వైరు పీకిపారేశాడు.

టింగుమని గంట మోగింది. ఉలిక్కిపడి తలెత్తాడు. పదిహేను. ఇందాక లోపలికి వెళ్ళిన ఫొటోగ్రాఫరు బయటికి వచ్చాడు, ముఖం చూస్తే తెలియలేదు దొరికాయో లేదో. కాలేజీ పిల్ల గబగబా లోపలికి వెళ్ళింది, ఆమె లేచిన ఊపుకి కుర్చీలన్నీ ఊగాయి. అక్క ఫోను మోగింది. బావ. వినపడదని ఆమె స్పీకరు పెడుతుంది ఎప్పుడూ.

"ఏమైంది, కేసు ఎక్కడిదాకా వచ్చింది?"

"ఇంకా పిలవలేదండీ. ముందు ఇంకొకళ్ళున్నారు."

"డాక్టరేడీ? పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకొచ్చామని అలిగాడా?"

"ఊరుకోండి, వాడసలే బెంగపడిపోయి ఉన్నాడు. యంత్రం పాడైతే వాడేం చేస్తాడు?"

"నేనదే అంటున్నా. వాడి చేతుల్లో పడబట్టి పద్నాలుగేళ్ళు బతికింది. వాడికివ్వు ఫోను." అతను వద్దన్నట్టు చెయ్యూపాడు. "బాత్రూముకి వెళ్ళాడండీ" అంది అక్క, అతని మొహం చూసి, అతని కోసం. ఇంత చిన్న అబద్ధం ఆమె ఆడటం కూడా తనవల్లే కదా అనుకుంటే తల కొట్టేసినట్టయింది.

ఆ తొమ్మిది నిమిషాలకు ఫోను చేసి, అక్కా తప్పు చేశాను అని ఉంటే అది తప్పు. అంతే. దానికొక పేరుంది, కొలత ఉంది. తొమ్మిది నిమిషాల తప్పు. ఆమె ఏడ్చి ఉండేది, రెండు రోజులు మాట్లాడేది కాదు, మూడో రోజు ఇప్పుడేం చెయ్యాల్రా అని అడిగేది. కానీ ఫోను చేసినప్పుడు నోట్లోంచి వచ్చింది వేరే మాట. "డిస్కు పోయిందక్కా." పోయింది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే, దానంతట అదే, ముసలిదై పోయింది. ఆమె కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనం భరించలేక, దాన్ని నింపడానికి ఇంకాస్త కలిపాడు. "టిక్ టిక్ మంటోంది. హెడ్డు పోయింది. లోపల చదివే సూది లాంటిది ఉంటుందిలే, అది అరిగిపోతుంది ఒక్కోసారి." టిక్ టిక్ అని నోటితో చేసి మరీ వినిపించాడు. అడగకుండానే.

చిన్నప్పుడు అతను నాన్న రేడియోని విప్పాడు ఒకసారి. అన్నీ మళ్ళీ బిగించాక ఒక మర మిగిలింది. రేడియో పలకలేదు. కరెంటు ఎక్కువొచ్చి కాలిపోయి ఉంటుందని నాన్నే అనుకున్నాడు, అతను అవునన్నాడు. ఆ మర చొక్కా జేబులో మర్చిపోయాడు. బట్టలు ఉతికే రోజు సాయంత్రం పెన్సిళ్ళ డబ్బా తెరిస్తే అందులో ఉంది. ఎవరు పెట్టారో అతను అడగలేదు. అప్పుడు జేబులు తడిమి బట్టలు నానబెట్టే పని అక్కది. నలభయ్యేళ్ళు గడిచాయి, ఆమె ఇంతవరకూ ఆ ఊసెత్తలేదు. అది క్షమించడమా, తేలిగ్గా వదిలెయ్యడమా, లేక తమ్ముడు ఇలాంటివాడేనని అప్పుడే తెలుసుకుని, దానికి తగ్గట్టే ప్రేమించడం మొదలుపెట్టడమా? ఆలోచించే కొద్దీ చివరిదే ఎక్కువ భయంగా ఉంది.

ఆ రోజూ మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ డిస్కులోంచి ఏమైనా లాగుదామని కుస్తీపట్టాడు. చెరిగింది మొదటి ముక్కే, కానీ ఏది ఎక్కడుందో చెప్పే పట్టీ అంతా ఆ మొదటి ముక్కలోనే ఉంటుంది. పుస్తకం ఉంది, పేజీలు విడిపోయాయి, నంబర్లు చెరిగిపోయాయి. వచ్చినవి సగం సగం ముక్కలు. పచ్చటి గళ్ళలో ఒక మణికట్టు, వేళ్ళు లేకుండా. ఒక చీర అంచు. మూసుకున్న పిడికిలి, కానీ అది ముక్కు దాకా చేరే లోపే తెర నల్లబడింది. ఇంతలో అక్క ఫోను. పిల్లల తల్లి ఒకావిడ చెప్పిందట, ఇలాంటివి తీసే చోటు ఒకటుందని, అక్కడి ఇంజనీరు చచ్చిన డిస్కుల్లోంచి కూడా తీస్తుందని. "మంగళవారం పొద్దున్నే వెళ్దాంరా. టిక్ టిక్ మనేవైతే వాళ్ళు వినగానే చెప్పేస్తారట."

వినగానే చెప్పేస్తారట. ఆ డిస్కు నిక్షేపంలా ఉంది. టిక్కూ లేదు టక్కూ లేదు, పిల్లిలా తిరుగుతుంది. వింటే ఏం చెప్తారు? ఇది బాగానే ఉందే, ఎవరో దీని మీద ఖాళీ డిస్కు ఎక్కించారు, ఆదివారం పదకొండూ ఇరవైకి. గంట నిమిషాలతో సహా.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి డిస్కు పడింది.

కాదు. ఈ మాట అతను నిన్నట్నుంచీ ఇలాగే అనుకుంటున్నాడు, పడింది, అని. పండు పడినట్టు, పొద్దు పడినట్టు. భార్య ఆఫీసులో ఉంది. హాల్లో గచ్చు తుడిచి, ఆరిపోయి, చల్లగా ఉంది. రెండు చేతులా పట్టుకున్నాడు, అక్క చెప్పినట్టు, చంటిపిల్లని పట్టుకున్నట్టే. కాసేపు అలాగే నిలబడ్డాడు. వీధిలో ఎవరో తాళాలు బాగుచేస్తామని అరుస్తూ వెళ్ళారు, ఆ కేక మలుపు తిరిగేదాకా ఆగాడు, ఎందుకో, ఎవరో చూస్తున్నట్టు. తర్వాత పడేశాడు. పెద్ద చప్పుడేం కాలేదు. దాన్ని తీసుకెళ్ళి వైరు తగిలించాడు. టిక్. టిక్. టిక్. పది సెకన్లు విని తీసేశాడు. అప్పుడు అతనికి కలిగినది భయం కాదు, బాధ కాదు. హాయిగా అనిపించింది. అబద్ధానికి సాక్ష్యం దొరికిందని ఒళ్ళంతా తేలికైపోయింది. ముఖం కడుక్కుని, టీ పెట్టుకుని తాగాడు. పడెయ్యడం ఎవరికైనా చెప్పగలడేమో. ఆ టీ సంగతి ఎవరికీ చెప్పలేడు.

మళ్ళీ టింగుమంది. కాలేజీ పిల్ల చిన్న పొట్లం గుండెలకి అదుముకుని, ఎవరితోనో ఫోనులో "దొరికింది దొరికింది" అని కీచుగా అరుస్తూ మెట్లు దిగిపోయింది. అతను బోర్డు వంక చూశాడు. పదిహేనే. హమ్మయ్య అనుకున్నాడు. హెల్మెట్టు మనిషి లేచి, ఒళ్ళు విరుచుకుని లోపలికి వెళ్ళాడు. ఏదో అడగడానికి వెళ్ళుంటాడులే. ఇంకా పదిహేనే కదా, ఇంకా టైముంది. ఈలోగా మాటలు సిద్ధం చేసుకోవచ్చు. అక్కా, నీకొకటి చెప్పాలి. అలా మొదలుపెడితే ఆమెకు గుండె దడ వస్తుంది. ముందు ఆటల పెట్టె సంగతి చెప్పి, అది చిన్నది కదా, దాని మీదుగా రెండోదానికి రావాలి. లేదా ముందు పెద్దది చెప్పేస్తే, చిన్నది దాని చాటున వెళ్ళిపోతుంది. లేదా ఇంజనీరుని పక్కకి పిలిచి, ఆమెకు ఒక్కత్తెకే చెప్తే? అక్కకు తెలియనక్కర్లేకుండా? చూడు, మళ్ళీ అక్కడికే వచ్చింది బుద్ధి.

అక్క ఒళ్ళో రూళ్ళ నోటుబుక్కు పెట్టుకుని ఏదో రాస్తోంది. వంగి చూశాడు. అంకెలు, వాటి పక్కన మాటలు. మోకాలు. చెవి వెనక. రెండు వేళ్ళు. "రాకపోతే రాకపోయాయిలే అని, గుర్తున్నంత వరకు రాసుకుంటున్నా" అంది. "నిన్నట్నుంచీ రెండొందల పది రాశాను. చెప్పులాయనది వచ్చింది. ఆ దర్జీ ముసలమ్మ లేదూ, చిన్నపిల్లకి మొదటిసారి జడ వెయ్యడం అని ఒకటి చేసేది..." కుడిచెయ్యి లేపింది. వేళ్ళు గాల్లో ఏదో అల్లబోయి, మధ్యలో నిలిచిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే నిలిచిపోయాయి. ఇన్ని వందలమంది పిల్లలకు మాటలు నేర్పిన చెయ్యి, గాల్లో, ఏం చెప్పాలో తెలియక. "రావట్లేదురా. మొదలు తెలుసు. చివర తెలుసు. మధ్యలో మెలిక ఒకటుంది. ఆవిడ పోయి మూడేళ్ళయింది, ఇంకెవర్నడగను?" అని నవ్వబోయింది. "ఫరవాలేదులే. ఆ అమ్మాయి తీస్తుంది. పడని డిస్కయితే ఆశ ఉంటుందంది కదా."

అక్కా, అన్నాడు. పైకే అన్నాడు. ఆమె తల తిప్పింది. ఆ ముఖంలో అనుమానం ఇసుమంతైనా ఉంటే చెప్పి ఉండేవాడు. "దాహమా?" అంది, సీసా మూత తిప్పుతూ. సీసా అందుకుని తాగాడు. నీళ్ళు తాగుతూ బోర్డు వంక చూశాడు. పదిహేను. పదహారు పడనీ, పడగానే.

టింగుమంది. పదిహేడు.

ఒక్క క్షణం అతనికి అర్థం కాలేదు. పదిహేను తర్వాత పదిహేడేమిటి? ఆ తర్వాత, ఇరవయ్యేళ్ళుగా గడియారాలూ బోర్డులూ విప్పి బిగించిన బుర్ర దానంతట అదే తిరిగి, సంగతి కళ్ళ ముందు పెట్టింది. ఆ అంకెలు ఏడు గీతలతో వెలుగుతాయి. ఆరుకీ అయిదుకీ తేడా ఒక్కటే గీత, ఎడమవైపు కింద. ఆ గీత వెలగడం లేదు. ఆ పిల్ల వెళ్ళిపోయినప్పుడే పదహారు పడింది. అరగంటగా పదహారే. హెల్మెట్టు మనిషి లేచింది అందుకే. వేరే ఎవరింట్లోనైనా అయితే గుమ్మంలోంచే చూసి, మీ బోర్డులో ఒక గీత పోయిందండి అని చెప్పి, స్క్రూడ్రైవరు తీసి ఉండేవాడు. ఇక్కడ కళ్ళెదురుగా అరగంట చూస్తూ కూడా చూడలేదు, ఎందుకంటే ఆ గీత లేకపోవడమే అతనికి కావాలి.

లేచాడా, పడ్డాడా, కుర్చీలన్నీ గడగడలాడాయి, అక్క ఒళ్ళోంచి డబ్బా జారి తొనలు నేల మీద దొర్లాయి. అద్దాల తలుపు బయటికి లాగాలో లోపలికి తొయ్యాలో తెలియక రెండూ చేశాడు. లోపల తెల్లటి దీపం కింద అతని డిస్కు. ఇంజనీరు కుడిచేతిలో వైరు.

"ఆపండి! పెట్టకండి! పడిందండి, అది పడింది!"

ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. అతని వంక చూసి, వైరును మెల్లగా బల్ల మీద పెట్టి, డిస్కును దానికి దూరంగా జరిపింది. "ఇంకా ఇవ్వలేదు సార్. ఊపిరి తీసుకోండి." తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేది. ఫారం దగ్గరికి లాక్కుని, ఆ ఠీవైన టిక్కును ఒక్క గీతతో కొట్టేసింది. "ఎప్పుడు? పడ్డాక కరెంటు ఇచ్చారా?"

"నిన్న మధ్యాహ్నం. ఒక్కసారి ఇచ్చాను. పది సెకన్లు." వెనకాల తలుపు చప్పుడైంది. తిరిగి చూడకుండానే తెలుసు, నారింజ వాసన. "అంతకు ముందు, ఆదివారం, దాని మీద ఖాళీ డిస్కు ఎక్కించాను, పొరపాటున. తొమ్మిది నిమిషాలు. అప్పటికి అది బాగానే ఉంది. దానికి ఏ జబ్బూ లేదు. రెండో కాపీ కూడా నేనే చెరిపాను, అంతకు ముందే, ఆటల కోసం." మాటలు వరసగా, ఫారం నింపినట్టు వచ్చేశాయి. చిన్నదీ పెద్దదీ అని ఏరుకునే తీరిక లేకపోయింది.

"బాగున్న డిస్కు ఎలా పడిందిరా?" అంది అక్క.

అతను ఆమె వైపు తిరిగాడు. "టిక్ టిక్ మంటోందని నీకు చెప్పానుగా అక్కా. అది అనడంలేదు. అందుకని."

కింద కుట్టు మిషను ఆగి, మళ్ళీ మొదలైంది. అక్క నోటుబుక్కును రెండు చేతులా పట్టుకుని, పెదాల కదలికనిబట్టి మాట పోల్చుకునే చెవిటివాళ్ళలా అతని పెదాల వంక చూస్తోంది, అవి ఇంకేమైనా అంటాయేమోనని. ఇంజనీరు గొంతు సవరించుకుంది. ఆమెకు ఇలాంటివి కొత్త కావేమో, లేక కొత్తేమో, ఏదైనా ఆమె మొహంలో కనపడనివ్వలేదు. సొరుగులోంచి పాత డిస్కు ఒకటి తీసి అతని చేతిలో పెట్టి, కాలితో రబ్బరు చాప ఒకటి ముందుకు తోసింది.

"ఇది ఎందుకూ పనికిరానిది, భయపడకండి. ఎలా పట్టుకున్నారో, ఎలా పడిందో నాకు చూపించండి. ఏ అంచు ముందు తగిలిందో, ఎంత ఎత్తో తెలిస్తే, లోపల ఏ హెడ్డు వంగిందో ఒక అంచనా వస్తుంది. దాన్నిబట్టే మూత తీస్తాను. కొంతైనా రావచ్చు. ఎంతన్నది ఇప్పుడు చెప్పలేను."

"చూపించు" అంది అక్క. ఎలాంటి గొంతూ కాదు అది. బడిలో, మొదటిసారి వచ్చిన పిల్లవాడితో అనే గొంతు.

డిస్కును రెండు చేతులా పట్టుకున్నాడు, మూత పైకి, వెడల్పు వైపు నేలకి. నడుము దగ్గర ఆపాడు. బల్ల మీద నుంచి జారితే అంత ఎత్తే ఉంటుంది. అంత ఎత్తు నుంచి ఎవరి చేతిలోదైనా పడుతుంది. ఇంజనీరు టేపు లాగి నేల నుంచి కొలిచి, పెన్ను కాగితం మీద పెట్టింది.

"ఇంతేనా సార్?"

అవుననడానికి నోరు తెరిచాడు. అక్క అతని ముఖం చూడటం మానేసి, అతని చేతుల్ని చూస్తోంది.

"కాదండి" అన్నాడు. చేతులు పైకెత్తాడు. ఛాతీ దాటించి, గడ్డం దాకా తెచ్చి, అక్కడ ఆపాడు. "ఇక్కణ్ణుంచి. జారలేదు." ఆమె కొలిచి, అంకె రాసుకుని, వెనక్కి జరిగేదాకా ఆగి, వేళ్ళు విప్పాడు.